గాలిలో తిప్పిన తాళంచెవి

ఇత్తడి మీద చింతపండు రుద్దితే వచ్చే వాసన పుల్లగా మొదలై, చివరికి నోట్లో ఇనుము పెట్టుకున్నట్టు చేదుగా ఆగుతుంది. ప్రతి ఏడూ దసరా ముందు సాయంత్రం, యాంగోన్‌లోని తామ్వే పేటలో మేముంటున్న ఈ ఇరుకు ఇంట్లో, కరెంటు పోయి కింద వీధిలో జనరేటర్లు ఒక్కొక్కటిగా మొదలయ్యే వేళకి, నేను వంటగట్టు దగ్గర నిలబడి ఒక పాత తాళంకప్పనీ దాని తాళంచెవినీ తోముతాను. తాళంకప్ప కొబ్బరిచిప్పంత ఉంటుంది. దాని కొక్కేన్ని ఒక పక్క ఎవరో రంపంతో కోసేశారు కనుక అది ఇక దేన్నీ మూయలేదు. పాతసామాన్ల వాడికి ఇచ్చేయొచ్చు కదా అని ఇంటికొచ్చినవాళ్ళు అంటుంటారు. మా ఇంట్లో అమ్మదగ్గవన్నీ ఎప్పుడో అమ్మేశాం. ఇది అలాంటిది కాదు.

మాది సిరియం. బర్మావాళ్ళు తన్లిన్ అంటారు, ఇప్పుడు మేమూ అలాగే అంటున్నాం. యాంగోన్ నుంచి పెగూ నది దాటితే వచ్చే ఊరు. యాంగోన్ ఇంకా బురదలో చేపలు ఎండబెట్టుకునే పల్లెగా ఉన్న కాలంలోనే మా రేవుకి పోర్చుగీసు ఓడలు వచ్చేవనీ, ఫ్రెంచివాళ్ళు మా ఒడ్డునే టేకు దుంగలు చెక్కించి ఓడలు కట్టుకున్నారనీ, చివరికి ఒక బర్మా రాజు వచ్చి ఊరంతా తగలబెట్టి రేవుని ఆవలి ఒడ్డుకి తరలించుకుపోయాడనీ తాతగారు చెప్పేవారు. ఆ పాత వైభవానికి సాక్ష్యంగా పైకప్పు లేని ఒక ఇటుకల చర్చి గోడలు మిగిలాయి. మేం దాగుడుమూతలు ఆడుకునేది అక్కడే. వానాకాలంలో ఆ గోడలకి పచ్చటి నాచు పట్టి, చెయ్యి పెడితే తడిసిన పిల్లిని తాకినట్టుండేది. గోడ పగుళ్ళలోంచి రావి మొక్కలు మొలిచేవి. ఎవరిదో తెలియని పరదేశి సమాధి రాయి మీద ఆడపిల్లలం తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకునేవాళ్ళం, మగపిల్లలు పేము బంతిని కాళ్ళతో ఎగరేస్తూ పక్కనే అరుస్తుండేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ గొట్టం చివర మంట ఒకటి కనబడేది. గాలి అటునుంచి వీస్తే కిరసనాయిలు వాసన, ఇటునుంచి వీస్తే నదీ బురద, ఎండిన రొయ్య, ఙపి అనే పులిసిన చేపల ముద్ద వాసన. ఈ రెండూ కలిసిన గాలినే నేను చాలాకాలం మామూలు గాలి అనుకున్నాను.

తాతగారి పేరు వరహాలయ్య. బర్మావాళ్ళు పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో ఊ వరహా అనేవారు. వాళ్ళ నాన్నగారు భీమునిపట్నం నుంచి పడవెక్కి వచ్చి బియ్యం వ్యాపారం పెడితే, తాతగారు దాన్ని నదీ తీరాన టేకు తలుపుల గోదాము దాకా పెంచారు. తలుపులకి ఇత్తడి బొడిపెలు, బొడిపెల మధ్య కొబ్బరిచిప్పంత తాళంకప్ప. దసరా అంటే మా ఇంట్లో దేవీపూజ ఒక్కటే కాదు. వానలు వెనకబట్టి కొత్త పంట పడవలు దిగే కాలం కనుక, ఆ రోజు ఇంటి పెద్ద తాళంచెవికి పసుపూ కుంకుమా పెట్టి, గోదాముకి నడిచి వెళ్ళి, అందరి ఎదుటా తాళం తీసేవాడు. తాళం తెరుచుకున్న చప్పుడు విన్నాకే రేవు కూలీలకీ, కలాసీలకీ, ఇంటివాళ్ళకీ పులిహోర, గారెలు, తాటిబెల్లం పాకంతో చేసిన పాకుండలు వడ్డించేవారు. ఇదంతా నేను పుట్టకముందు సంగతి.

ప్రభుత్వం వ్యాపారాలన్నీ స్వాధీనం చేసుకున్నప్పుడు గోదామూ పోయింది. అధికారులు తాళం వేసిన తలుపుకి లక్క ముద్ర కొట్టి తాళంచెవి ఇమ్మన్నారట. “గోదాము మీకు చట్టం ఇచ్చింది. తాళంచెవి నాకు మా నాన్న ఇచ్చాడు,” అని చెప్పి తాతగారు వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశారు. అంతే, ఆ తర్వాత ఆయన గోదాముల వీధిలో అడుగు పెట్టలేదు. రేవుకి వెళ్ళాలన్నా చేపల బజారు చుట్టూ తిరిగి, బురదలో పంచె పైకి పట్టుకుని వెళ్ళేవారు తప్ప ఆ వీధి మొహం చూసేవారు కాదు. మా చుట్టాలూ ఊరి తెలుగువాళ్ళలో సగం మందీ ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయారు. తాతగారు కదల్లేదు. తాళం వేసి ఉన్న గోదాముని వదిలి యజమాని ఎక్కడికి పోతాడు అన్నారట.

నాకు జ్ఞాపకమున్న దసరాలు ఆ తర్వాతివి. అప్పటికి బియ్యం సర్కారు దుకాణం వరసలో నిలబడితే వచ్చేవి, వాటిలో సగం నూకలు. విశాఖపట్నం ఉత్తరాలు ఏడాదికి ఒకటి వస్తే వచ్చినట్టు, అదీ ఎవరో విప్పి మళ్ళీ అంటించినట్టు ఉండేది. బయటి దేశం వార్త అంటే ఎదురింటి రేడియోలో గురగుర మధ్య వినిపించే గొంతు. అలాంటి రోజుల్లో కూడా నానమ్మ ఎక్కడినుంచో మినుములు సంపాదించి గారెలు వేసేది. బర్మావాళ్ళ తడింజుట్ పండగ దీపాలు కూడా ఆ రోజుల్లోనే వచ్చేవి కనుక వీధి పొడవునా కొవ్వొత్తులు, వేడి మైనం వాసన, అరటాకు మీద వేడి గారె వాసన కలిసిపోయేవి. తాతగారు నల్ల అల్పాకా కోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని, వీధి అరుగు మీద గోదాము ఉన్న దిక్కుకి తిరిగి నిలబడేవారు. పసుపు రాసిన తాళంచెవిని ఛాతీ ఎత్తుకి ఎత్తి, ఎదురుగా తాళం ఉన్నట్టే, గాలిలో ఒక్కసారి తిప్పేవారు. మేమందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. నవ్విన పిల్లకి ఆ పూట గారె లేదు. తాళంచెవి తిరగ్గానే నానమ్మ లోపలికి వెళ్ళిపోయేది. వడ్డనకి అనుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు, వానలు జోరుగా ఉన్న రోజుల్లో సైనిక ప్రభుత్వం మీద తిరుగుబాటు మొదలైంది. మొదట యాంగోన్‌లో విద్యార్థులు అన్నారు, తర్వాత ఫెర్రీల మీద జెండాలు వచ్చాయి, ఆ తర్వాత ఫెర్రీలే రాలేదు. మా బడి మూతపడింది. నాన్న పనిచేసే నూనె ఫ్యాక్టరీ ఆగిపోయి, నా బతుకులో మొదటిసారి గొట్టం మీద మంట లేని ఆకాశం చూశాను. సర్కారు దుకాణం మూసేశారు. మేం తూటికూర ఉడకబెట్టి గంజిలో కలుపుకుని తాగాం. గోదాముల్లో మాత్రం బియ్యం ఉన్నాయని ఊరందరికీ తెలుసు. వాన తగిలి ముక్కిపోతున్న బియ్యం వాసన ఆ వీధి మొదట్లోకే వచ్చేది.

ఒక ఉదయం వాన వెలిసింది. వీధంతా జనం గోదాము వైపు నడుస్తున్నారు. బర్మావాళ్ళు, కరెన్ జాతివాళ్ళు, మనవాళ్ళు, చేతుల్లో గోనెలు, గంపలు, తలగడ గలీబులు. రేవు కూలీ అప్పలసామి, తాతగారి దగ్గరే కుర్రతనంలో మూటలు మోసినవాడు, భుజాన గునపంతో మా గుమ్మం ముందు ఆగి చెప్పాడు.

“బావుగోరూ, తలుపు బద్దలుకొడతన్నారు. మీకో మాట సెప్పి ఎల్దామని వచ్చేను.”

తాతగారు లేచి కోటు తొడుక్కున్నారు. కోటు మడతల్లోంచి కర్పూరం వాసన వచ్చింది.

“మన తలుపు దొంగల్లాగ బద్దలుకొట్టడమేటి? నేనొచ్చి తీస్తాను.”

“ఇన్నేళ్ళ బట్టీ ఆ దిక్కు సూడనోరు, ఇయ్యాల ఎందుకండీ?” అంది నానమ్మ. “ఆకలి గోల అది. మీరు ఎల్లొద్దు.”

“అవునండి బావుగోరూ, మీరెందుకండి ఆ తొక్కుడులోకి,” అని అప్పలసామి కూడా అన్నాడు. వాడూ నానమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తాతగారు నా చెయ్యి పట్టుకున్నారు. “పద, మన గోదాము చూద్దువుగాని,” అన్నారు.

తలపాగా, కోటు, పైకెత్తి పట్టుకున్న తాళంచెవి చూసి జనం దారి ఇచ్చారు. ఎవరో బర్మాలో “యజమాని వచ్చాడు, యజమాని వచ్చాడు” అని అరిస్తే అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గరికి వెళ్ళాం. టేకు చెక్క వానకి నల్లబడింది. ఇత్తడి బొడిపెలు ఎవరో పీకేసుకుపోతే వాటి చోట కన్నాలున్నాయి. వాటి మధ్య వేలాడుతున్నది ఇత్తడి తాళంకప్ప కాదు. అరచేతిలో పట్టేంత ఇనుప తాళం, తుప్పుపట్టి నల్లగా ఉంది.

తాతగారు దాన్ని చూస్తూ నిలబడ్డారు. వెనక జనం తోస్తున్నారు. ఆయన తాళంచెవిని ఆ చిన్న కన్నం దాకా తీసుకెళ్ళారు. దాని కొన కూడా అందులో పట్టలేదు. అప్పుడు అప్పలసామి తన వెడల్పాటి వీపుని జనానికి అడ్డం పెట్టి, గునపం దూర్చి ఒక్క ఊపు ఊపాడు. తాళం ఊడి వాడి కాళ్ళ దగ్గర పడితే దాన్ని బురదలోకి తొక్కేసి, వెనక్కి తిరిగి అరిచాడు.

“బావుగోరు తీసేసేరర్రా! రండి, రండి!”

ఆ కేక జనం మీదుగా, రెండు భాషల్లో, వీధి చివరిదాకా వెళ్ళింది. తాతగారు తాళంచెవిని కోటు జేబులో పెట్టుకున్నారు.

“ఓ మూట మీ ఇంటికి ఏసెయ్యనా, బావుగోరూ?”

“దొంగసొత్తు నా ఇంటికా, అప్పలసామీ?”

“దొంగసొత్తేటండి, మీదే కదా!”

“నాదైతే నువ్వు ఇవ్వడమేటి? నాది కాకపోతే నేను తినడమేటి?”

ఆ సాయంత్రం ఊరంతా అన్నం ఉడికిన వాసన. మేం గంజీ తూటికూరే తాగాం.

ఆ తర్వాతి కొద్ది వారాలు తాతగారు టీకొట్టు ముందు నుంచి వెళ్తుంటే బర్మా కుర్రాళ్ళు లేచి నిలబడేవారు. ముసలి వర్తకుడు తన గోదాముని తన తాళంచెవితో తానే తీసి ఊరికి అన్నం పెట్టాడన్న కథ నది దాటి యాంగోన్‌లోని చిమిండైంగ్ బజారు దాకా వెళ్ళింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. నడక మాత్రం మారింది. అన్నం లేకపోయినా ఆయన వీపు నేను చూసిన రోజులన్నిటిలోకీ నిటారుగా ఉన్నది అప్పుడే.

తర్వాత సైనికులు వచ్చారు. రేవు దగ్గర ఊరేగింపు మీద కాల్చారు. అప్పలసామి రేవు మెట్ల మీదే పడిపోయాడు. మర్నాడు వాన మెట్లు కడిగేసింది. అతని భార్య గౌరి చెప్పులు వెతుక్కోవడానికి వెళ్ళినదానిలా వంగి వంగి అక్కడే తిరగడం చూశాను.

గోదాము ఎవరు తీశారో తెలుసుకోవడానికి వాళ్ళకి పెద్ద కష్టం కాలేదు. ఊరు ఊరంతా సంబరంగా చెప్పుకున్న కథే కదా. పొద్దున్న టీ తాగే వేళకి వచ్చి, “తాళం తీసింది నువ్వేనా?” అని అడిగారు.

“నేనే,” అన్నారు తాతగారు.

“ఆయన పెద్దవాడు, మతి సరిగా లేదు,” అని నాన్న బర్మాలో బతిమాలబోయారు.

“నువ్వు ఊరుకో. నా మతికేటయింది?” అని, కోటు వేసుకునేదాకా వాళ్ళని ఆగమని, తాళంచెవిని తానే వాళ్ళ చేతికి ఇచ్చారు. తండ్రి ఇచ్చినదని అప్పుడు చట్టానికి ఇవ్వని తాళంచెవి అది.

ఆయన్ని ఉంచింది సైనికులు మకాం పెట్టిన నా బడిలోనే. నానమ్మ రోజూ క్యారేజీ పట్టుకెళ్ళి గేటు దగ్గర ఇచ్చి వచ్చేది. లోపలున్నవాళ్ళని పడవలో నది దాటించి పెద్ద జైలుకి పంపిస్తున్నారని, అలా దాటినవాళ్ళ కబురు తిరిగి రావడం లేదని గేటు దగ్గర ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఒకరోజు, రేపటి పడవలో ముసలాయన పేరు కూడా ఉందని చెప్పారు. నానమ్మ ఇంటికి వచ్చి, వంటింటి మూల చింతపండు జాడీ ముందు కూర్చుని, చింతపండు ముద్దలు ముద్దలుగా తీసి చేటలో వేసి, అడుగునుంచి గుడ్డమూట ఒకటి పైకి లాగింది. మూట విప్పితే తాళంకప్ప.

“అమ్మా, ఇదెక్కడిది?” అన్నారు నాన్న.

“ఎక్కడిదేటి? ఇన్నాళ్ళూ ఈ జాడీలో చింతపండే తింతన్నారు కదరా. అడుగున ఏటుందో ఒక్కడైనా సూసేడా?”

తాతగారు తాళంచెవి ఇవ్వనన్నాక, కొన్నాళ్ళకి ప్రభుత్వంవాళ్ళు కొక్కెం కోయించి కొత్త తాళం వేసుకున్నారట. బురదలో పారేసిన తాళంకప్పని అప్పుడు కుర్ర కూలీగా ఉన్న అప్పలసామి తెచ్చి నానమ్మ చేతిలో పెట్టాడట. తాళం కోసేశారని తెలిస్తే ఆయన ఇక బతకరని ఇద్దరూ అనుకున్నారు. దసరా నాడు తాళంచెవి గాలిలో తిరగ్గానే నానమ్మ లోపలికి వెళ్ళేది ఆ జాడీ దగ్గర కూర్చోడానికని నాకు అప్పుడు తెలిసింది.

మగవాళ్ళు వెళ్తే అక్కడే ఉంచేస్తున్నారని నాన్నని వద్దని, బర్మా మాట చక్కగా వస్తుందని నానమ్మ నన్ను బడికి తీసుకెళ్ళింది. అధికారి మా తరగతి గదిలో, మా టీచరు బల్ల దగ్గర కూర్చున్నాడు. వెనక నల్లబల్ల మీద మేం వదిలేసిన ఎక్కం ఇంకా ఉంది. వయసులో చిన్నవాడు, నానమ్మని అమ్మా అనే పిలిచాడు. ఆమె తాళంకప్పని బల్ల మీద పెట్టింది. దానికి చింతపండు పీచు ఇంకా అంటుకునే ఉంది. తాతగారిని తీసుకొచ్చారు. కోటు ఉంది, తలపాగా లేదు. నెరిసిన జుట్టుతో ఆయన తల నేను బయటివాళ్ళ ఎదుట చూడటం అదే మొదటిసారి.

ఆయన బల్ల వైపు చూశారు. “అదెక్కడిది?” అన్నారు.

నానమ్మ ఆయన వైపు తిరగలేదు. “ఆ తాళంచెవి దీనికి పెట్టి సూడమను,” అంది నాతో. నేను బర్మాలో చెప్పాను. అధికారి తాళంచెవి పెట్టి తిప్పాడు. క్లిక్కుమని తెరుచుకుంది. ఎన్ని వానాకాలాలు చింతపండు కింద ఉన్నా, నిన్న నూనె వేసినట్టు తెరుచుకుంది. వాళ్ళు పక్క గదిలోంచి సర్కారు గోదాముల పాత గుమాస్తాని పిలిచి అడిగితే, ఔను, అప్పట్లోనే ఆ తాళం కోయించాం అన్నాడాయన.

“అయితే తలుపు తీసిందెవరు?” అన్నాడు అధికారి.

“తీసినోడు అప్పలసామి, ఆడిప్పుడు లేడు బాబూ. రేవు కాడ మీరే పంపేసేరు,” అంది నానమ్మ.

మొదటి మాటే నేను బర్మాలో చెప్పాను. రెండోదానికి నాకు నోరు రాలేదు.

“నేనే తీశాను,” అన్నారు తాతగారు మళ్ళీ, బర్మాలో, నెమ్మదిగా. అధికారి నవ్వాడు, దుర్మార్గంగా కాదు, ముసలివాళ్ళని చూసి కుర్రవాళ్ళు నవ్వినట్టు. “తాతా, మీ తాళం ఇక్కడుంది కదా. ఇంటికెళ్ళండి,” అన్నాడు. గుమ్మం దగ్గరి సైనికులు కూడా నవ్వారు.

బడి నుంచి ఇంటికి దగ్గర దారి గోదాముల వీధే. చేపల బజారు వైపు మలుపు వచ్చినప్పుడు నేను ఆయన చెయ్యి అటు లాగాను, అలవాటు కొద్దీ. ఆయన అటు తిరగలేదు. తల వంచుకుని, తడిసిన బియ్యం గింజలు ఇంకా మొలకెత్తుతున్న బురదలోంచి, విరిగిన తలుపుల ముందు నుంచి, ఎవరి వీధో అన్నట్టు నడిచివెళ్ళారు. నానమ్మ నాలుగడుగుల వెనక తాళంకప్పనీ తాళంచెవినీ పైటలో చుట్టుకుని నడిచింది.

ఆ దసరాకి ఆయన అరుగు మీదికి రాలేదు. కోటు మళ్ళీ వేసుకోలేదు. ఇంకో రెండు వానాకాలాలు బతికారు. నానమ్మ వడ్డిస్తే తిన్నారు, మంచినీళ్ళిస్తే తాగారు, ఆమెతో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. గౌరి కూడా మాట్లాడలేదు. చనిపోయినవాడి పేరు పైకి రావడంతో సైనికులు ఆమె గుడిసెకి వెళ్ళి కుండలోని బియ్యం నేల మీద ఒంపేశారు. పండగకి నానమ్మ పంపిన గారెల గిన్నె మూత తియ్యకుండానే తిరిగి వచ్చేది. తాతగారు ఆ నేరం నెత్తిన వేసుకున్నది గౌరి జోలికి వాళ్ళు రాకూడదనే అయ్యుండొచ్చని నాన్న ఒకసారి అన్నారు. అలా నమ్మాలని నాకూ ఉంది. నానమ్మ ఆ మాట విని, “మీ నాన్నకి ఆరి తలుపే కావాలిరా,” అంది.

తర్వాత నది మీద వంతెన వచ్చింది, ఫెర్రీ పోయింది, ఫెర్రీతో పాటు రేవు మెట్ల మీద ఉడికించిన శనగలూ మొక్కజొన్న కండెలూ అమ్మే కేకలు పోయాయి. గోదాముల వీధి చోట ఇనుప కంటైనర్లు కొండల్లా పేర్చి ఉన్నాయి. మా ఇల్లు ఎవరిదో అయింది. పైకప్పు లేని చర్చి మాత్రం ఉంది, చుట్టూ కంచె వేశారు. అప్పలసామి పడిన మెట్లు ఎక్కడో నేను ఇప్పుడు చూపించలేను. మా వీధుల్లో మళ్ళీ సైనికుల బండ్లు తిరిగే రోజులు వచ్చాయి, పిల్లలు బయటికెళ్ళి ఆలస్యమైతే నేనూ గుమ్మంలోనే నిలబడుతున్నాను.

నానమ్మ పోయేముందు రెండింటినీ నా చేతిలో పెట్టింది. దసరా నాడు పసుపూ కుంకుమా పెట్టి, తాళంచెవిని తాళంకప్పలో పెట్టి నేను ఒక్కసారి తిప్పుతాను. నా పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి, ఆ క్లిక్కు కోసం ఆగి, విన్నాక గారెల మీద పడతారు. మన ఇంట్లో ఎప్పటినుంచీ ఇలాగే చేస్తారా అని ఈమధ్య చిన్నది అడిగింది. ఔనన్నాను. తాతగారు తిప్పినప్పుడు చప్పుడు ఉండేది కాదు.